అటొక తాళం, ఇటొక తాళం

తమ్ముడు చెడిపోతున్న మొదటి మూడు నెలల్నీ పెద్ద తాళం లాభం కిందే లెక్క వేసుకున్నాడు. పది గంటలకు తెరిచే కొట్టుకు పదకొండున్నరకు ఆవులిస్తూ వచ్చే మనిషి ఒకరోజు ఉన్నట్టుండి ఏడింటికే వచ్చి, షట్టరు ఎత్తి, నేల తుడిచి, ఆకురాళ్లను పొడుగు వారీగా పేర్చుకుని కూర్చుంటే ఏ అన్న మాత్రం "ఒరేయ్, నీకేమైనా జబ్బు చేసిందా" అని అడుగుతాడు? బుద్ధి వచ్చిందనుకుంటాడు. పెళ్లాం నాలుగు అంటించిందనుకుంటాడు. చవగ్గా వచ్చిన సరుకు ఎక్కడిదని ఆరా తీసేవాడికి బేరం దక్కదు. తీయనివాడికి కొట్టే దక్కదు. ఈ రెండో ముక్క పెద్ద తాళానికి ఆలస్యంగా తెలిసింది.

అన్నదమ్ములకు అమ్మానాన్నలు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి గానీ బజారు వాటిని ఎప్పుడో వాడకంలోంచి తీసేసింది. తండ్రి నాటి తాళాల కొట్టు కాబట్టి అన్న పెద్ద తాళం, తమ్ముడు చిన్న తాళం. తాళం కట్టడంలో, అంటే కొత్తది తయారు చేయడంలో, అన్న దిట్ట, తెరవడంలో తమ్ముడు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లు, బీరువా ముందు కూలబడ్డవాళ్లు చిన్న తాళం కోసమే వచ్చేవారు. అతను వెళ్లి, లోపల ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు తల వంచి, సన్నటి తీగ ఒకటి తిప్పి తెరిచేవాడు. పది నిమిషాల పనికి ముందు గంటసేపు బద్ధకించేవాడు, అది వేరే సంగతి.

తండ్రి పోతూ పోతూ కొట్టుతో పాటు వాళ్లకు ఒక కట్టుబాటు కూడా అప్పజెప్పాడు. తాళం లోపల లివర్లని సన్నటి రేకులు ఉంటాయి. ఒక్కో రేకునీ సరిగ్గా దాని ఎత్తుకు లేపితేనే గడియ కదులుతుంది. ఆ ఎత్తుల్ని ఆ కొట్టులో గీతలు అంటారు. ఈ రేకుకి మూడు గీతలు, ఆ రేకుకి ఐదు, ఇలా. ఏ లివరుకి ఎన్ని గీతలో తాళం కట్టినవాడికి తప్ప తోడబుట్టినవాడికి కూడా తెలియకూడదు, ఇదీ కట్టుబాటు. ఎందుకంటే ఎక్కడైనా దొంగతనం జరిగితే అనుమానం ఒక్కడి మీదే పడాలి, రెండోవాడు కొట్టు తెరిచి కూర్చోవాలి. ఇద్దరూ పోలీసుస్టేషన్లో కూర్చుంటే గిరాకీని ఎవరు చూస్తారు? అంత దూరం ఆలోచించిన మనిషి ఆయన. ఇరవై ఏళ్లుగా అన్నదమ్ములు ఆ మాట జవదాటలేదు. ఒకే కంచంలో తిన్నారు గానీ ఒకరి గీతలు ఒకరు అడగలేదు.

ఆ మూడు నెలల్లో చిన్న తాళం చేసిన పని మామూలు పని కాదు. మూలన గోనెసంచిలో తుప్పు పడుతున్న నాలుగు వేల పాత తాళంచెవుల్ని బయటికి తీసి పొడుగు వారీగా సర్దాడు. మర్నాడు వాటినే బరువు వారీగా సర్దాడు. అన్న మెచ్చుకున్నాడు. మూడో రోజు వాసన వారీగా సర్దుతుంటే అన్న కాసేపు ఆగి, ఇది ఏ గిరాకీకి పనికొస్తుందా అని ఆలోచించి, ఏదో ఒకనాటికి పనికిరాకపోదులే అనుకుని మళ్లీ మెచ్చుకున్నాడు. తమ్ముడు తూకం మిషను ఊడదీసి తుడిచాడు. ఫ్యాను ఊడదీశాడు. గోడగడియారం ఊడదీశాడు. ఊడదీసిన ముక్కల్ని తెల్లగుడ్డ మీద వరసగా పెట్టి, పిల్లల్ని బడికి పంపే తల్లిలా ఒక్కోదాన్నీ తడిమి చూసుకునేవాడు. మళ్లీ బిగించడం మాత్రం జరిగేది కాదు. ఆ వేసవిలో కొట్టులో గాలీ లేదు, టైమూ లేదు. మాటలకు మాత్రం కొదవ లేదు. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మాట్లాడేవాడు.

పెద్ద తాళం ఈ మార్పుని బజారంతా చాటుకున్నాడు. ఎదురు కొట్టు దర్జీ ఒక్కడే తల ఊపలేదు. దర్జీ టేపుతో ఆలోచించే మనిషి. మీ తమ్ముడి ప్యాంట్లు మూడు నెలల్లో మూడుసార్లు బిగించాను, నడుము ముప్ఫై ఆరు నుంచి ముప్ఫైకి దిగింది, పనిచేస్తే ఒళ్లు గట్టిపడాలి గానీ సబ్బుబిళ్లలా అరగకూడదు అని చెప్పాడు. పెద్ద తాళం దాన్ని ఓర్వలేనితనం కింద కొట్టిపారేశాడు. ఇంట్లో భార్య కూడా అదే పాట అందుకుంది. తిండి లేకుండా తిరిగేది యంత్రమొక్కటేనని, దానికైనా నూనె చుక్క పోయాలని, మరిది కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటోందని అంది. నిద్ర సంగతి అడిగితే, చిన్న తాళం నిద్రపోయి నాలుగు రోజులైందని, ఐదో రోజు పడుకుంటే రెండు రోజులు శవంలా పడుంటాడని మరదలు చెప్పిందట. పెద్ద తాళం మనసులోనే కూడి తీసేశాడు. నాలుగు రోజుల మేలుకువకు రెండు రోజుల నిద్ర. నష్టమేమీ కనబడలేదు.

నష్టం నాలుగో నెలలో బల్ల మీదికే వచ్చింది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మరదలు కొట్టుకు వచ్చి, చిన్న తాళం టీకి వెళ్లాడని చూసుకుని, చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి బావగారి ముందు పెట్టింది. లోపల పటిక ముక్కల్లా తెల్లగా, గాజుపెంకుల్లా మెరుస్తూ ఏవో ఉన్నాయి. ఏ సరుకైనా రుచి చూసి పోల్చడం పెద్ద తాళానికి అలవాటు. వేలు తడి చేసుకుని పొట్లంలో పెట్టబోయాడు. మరదలు చటుక్కున ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. పెళ్లై తొమ్మిదేళ్లలో బావగారి ఎదుట గట్టిగా దగ్గని మనిషి.

"పటిక కాదు బావగారూ. దీన్ని మెత్ అంటారు. ఐస్ అని కూడా అంటారట. ఆయన పనిచేస్తున్నారని మీరు మురిసిపోతున్నారే, ఆ పని చేసేది ఇది."

ఎక్కడ మొదలైందో కూడా ఆమే చెప్పింది. ఊరి చివర కొత్త హోటలు వాళ్లు రెండు వందల గదులకు తాళాలు పది రోజుల్లో బిగించాలన్నారు. పది రోజుల్లో కాదు, నెల అడుగు అన్నాడు తమ్ముడు. తలుచుకుంటే అదే అవుతుందన్నాడు అన్న. తలుచుకోవడం అన్న వంతు, బిగించడం తమ్ముడి వంతు. నాలుగో రోజు చేతులు పడిపోయి మెట్ల మీద కూర్చుంటే అక్కడి మేస్త్రీ ఒకడు ఈ ముక్క ఇచ్చి, దీంతో నిద్రా రాదు, ఆకలీ వెయ్యదు అన్నాడట. వాడు అబద్ధం చెప్పలేదు. మిగతాది చెప్పలేదు, అంతే. తాళాలు తొమ్మిది రోజులకే పూర్తయ్యాయి. అన్న ఆ హోటలు పని గురించి అప్పటిదాకా గొప్పగా చెబుతూనే ఉన్నాడు. ఆ పూట నుంచి చెప్పడం మానేశాడు.

ఆ రోజు తమ్ముడు టీ తాగి వచ్చాక పెద్ద తాళం అతన్ని కొత్తగా, పాత సరుకుని తిరగేసి చూసినట్టు చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. దవడలు లేని మేత నములుతున్నాయి. ముందు పళ్లు రెండు అంచులు విరిగి, ముట్టుకుంటే పొడి రాలేట్టున్నాయి. మోచేతుల నిండా గోళ్ల గాట్లు. చర్మం కింద చీమలు పాకుతున్నాయని చెప్పి, ఆకురాయి మొనతో వాటిని బయటికి తీయబోతున్నాడు. అన్న ఆ ఆకురాయి లాక్కుని, ఏడ్చినంత పని చేసి, ఇది మానెయ్యరా అన్నాడు. మానేశానన్నాడు తమ్ముడు. ఎప్పుడంటే ఇప్పుడే అన్నాడు. ఆ తర్వాత రెండు నెలల్లో పధ్నాలుగుసార్లు మానేశాడు.

అప్పటికి అతనికి అనుమానం పట్టుకుంది. ఎవరో తన వెంట తిరుగుతున్నారు, ఇంట్లోకి వస్తున్నారు, వస్తువులు అంగుళం అంగుళం జరిపి పోతున్నారు. మామూలు మనిషికి ఈ భయం పడితే తలుపుకి గడియ వేసుకుని కూర్చుంటాడు. తాళాల మనిషికి పడితే ఇంటి తాళం మారుస్తాడు. సోమవారం మార్చాడు, బుధవారం మార్చాడు, ఆ తర్వాత రోజూ మార్చాడు. పెద్ద తాళం భార్య కూరగాయలకు వెళ్లి వస్తే తలుపు రాదు. మరదలు తన పాపను బడి నుంచి తీసుకొస్తే తలుపు రాదు. ఊళ్లో సగం ఇళ్ల తాళాలు తెరిచే కుటుంబం తన గుమ్మంలో సంచులు పట్టుకుని నిలబడితే, దారినపోయేవాళ్లు ఆగి మరీ సానుభూతి చెప్పేవారు. మరదలి కొంగుకి పదకొండు తాళంచెవులు వేలాడేవి. పదకొండూ నిన్నటివే.

ఇంటిల్లిపాదీ దీన్ని కూడా నవ్వులాటగానే మోశారు, పాప బొమ్మ సంగతి వచ్చేదాకా. అది నొక్కితే మాట్లాడే బొమ్మ. లోపల ఎవరైనా వినే యంత్రం పెట్టారేమోనని చిన్న తాళం దాని పొట్ట కోసి చూశాడు. మర్నాడు మరదలు పెట్టె సర్దుకుంది. పెద్ద తాళం గుమ్మంలో అడ్డు నిలబడ్డాడు.

"ఆయన నన్ను కొట్టలేదు బావగారూ. కొడితే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. పాప నన్ను అడిగింది, నాన్న రేపు నా పొట్టలో కూడా చూస్తాడా అని. నేనేం చెప్పను?"

పెద్ద తాళం పక్కకు జరిగాడు. ఆమె ఆ పదకొండు తాళంచెవులూ గుమ్మం మీద పెట్టి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒకావిడ ఉందని పెద్ద తాళం భార్య ముందే వెళ్లి మాట్లాడి వచ్చింది. మనిషిని తీసుకురండి, మిగతాది మేం చూస్తాం అందట ఆమె. కానీ తీసుకెళ్లడమే కదా అసలు పని. డాక్టరు పేరెత్తితే చిన్న తాళం నవ్వి, ఆవిడా వాళ్ల మనిషేనన్నాడు. బతిమాలితే నువ్వూ వాళ్లలో చేరావా అన్నాడు అన్నతో. ఆ మాట పెద్ద తాళానికి గుండెలో మేకు దిగినట్టు దిగింది. రోజు రోజుకీ తమ్ముడు కరిగిపోతున్నాడు. దర్జీ ఇక ప్యాంట్లు బిగించడం తన వల్ల కాదని, కొత్తగా పిల్లల కొలతకు కుట్టాలని చెప్పేశాడు. ఇలాగే వదిలేస్తే తమ్ముడు దక్కడని పెద్ద తాళానికి తెలిసిపోయింది. ఏదో ఒకటి చేయాలి. మనిషికి కష్టం వస్తే తనకు తెలిసిన పనే చేస్తాడు. వంటవాడైతే వండి పెడతాడు, వైద్యుడైతే మందిస్తాడు. ఇతనికి తెలిసింది తాళం వేయడం. పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే ఆ మత్తు దానంతటదే దిగిపోతుందని తేల్చుకున్నాడు.

"తాళాలవాణ్ణి తాళం వేసి ఆపుతావా? చేపను పట్టుకుని నీళ్లలో ముంచినట్టుంది" అంది భార్య.

చేప మొదటిసారి పదకొండు నిమిషాల్లో బయటికి వచ్చింది. పెద్ద తాళం పడకగదికి వేసిన తాళం అప్పటిదాకా కొట్టులో అన్నిటికంటే గట్టిదని అమ్ముతున్న రకం. తమ్ముడు హాల్లోకి వచ్చి, తాళాన్ని అన్న చేతిలో పెట్టి, స్ప్రింగు మరీ మెత్తగా ఉంది అన్నయ్యా, గిరాకీలు తిట్టుకుంటారు అని సలహా చెప్పి వెళ్లాడు. రెండోది ఐదు లివర్లది. దానికి ముప్పావు గంట పట్టింది. పెద్ద తాళానికి ఒళ్లు మండింది. మంటలోనే లోలోపల ఎక్కడో, ఆ చెయ్యి అంత వణుకుతూ కూడా అంత పని చేసిందే అని గర్వం వేసింది. ఆ గర్వానికి సిగ్గు కూడా వేసింది. ఈ మూడూ కలిసి అతన్ని పంతంలోకి నెట్టాయి. ఐదు రోజులు కూర్చుని ఏడు లివర్ల తాళం ఒకటి కట్టాడు. జీవితంలో అంత మంచి తాళం కట్టలేదు. భార్య దగ్గరికొచ్చి, ఇప్పుడు నువ్వు తమ్ముణ్ణి బాగుచేయడానికి కడుతున్నావా, తమ్ముడి మీద గెలవడానికి కడుతున్నావా అని అడిగింది. పని మధ్యలో మాట్లాడించొద్దన్నాడు.

కొట్టు వెనక సామాన్ల గది ఉంది. తండ్రి వేయించిన ఇనుప తలుపు, పైన ఊచల వెంటిలేటరు. శుక్రవారం పొద్దున ఏదో పాత తాళం వెతికి పెట్టమని తమ్ముణ్ణి లోపలికి పంపి, బయట ఏడు లివర్లూ తిప్పేశాడు. జేబులు ముందే తడిమి చూశాడు, ఏమీ లేదు. లోపల నీళ్లు, దుప్పటి, తలుపు కిందనుంచి పళ్లెం జరపడానికి సందు, అన్నీ చూసుకున్నాడు. ఒక్కటే చూసుకోలేదు. ఆ గదిలో మూడు వందల పాత తాళాలు, రేకులు, స్ప్రింగులు, ఆకురాళ్లు ఉన్నాయి. పిల్లిని శిక్షించడానికి పాలగదిలో పెట్టినట్టయింది. పైగా ఆ మూడు వందల్లో ఏడెనిమిది తాళాల కడుపులో తమ్ముడు ఎప్పటినుంచో ఆ గాజుపెంకులు దాచుకుంటున్నాడు.

మొదటి రోజు తిట్లు వినిపించాయి. రెండో రోజు ఆకురాయి చప్పుడు వినిపించింది. వింటూ పెద్ద తాళం మీసం కింద నవ్వుకున్నాడు. ఏడు లివర్లురా, గీక్కో అనుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి ఏ చప్పుడూ లేదు. మందు పనిచేసిందని, నిద్రపోతున్నాడని దర్జీకి చెప్పి, అన్నం పళ్లెం పట్టుకుని వెళ్లి తాళం తీశాడు. తాళం వచ్చింది. తలుపు రాలేదు.

మళ్లీ వేసి మళ్లీ తీశాడు. భుజంతో నెట్టాడు. అప్పుడు అర్థమైంది. నిన్నంతా తమ్ముడు గీకింది బయటికి రావడానికి కాదు. ఎవరూ లోపలికి రాకుండా ఉండటానికి. తలుపుకి లోపలి వైపు తన తాళం ఒకటి కట్టుకుని బిగించాడు. దాని చెవి రంధ్రం మాత్రం బయటి దాకా తొలిచి ఉంది, పని పద్ధతిగా చేసేవాడు కాబట్టి.

"ఒరేయ్, తలుపు తియ్యరా."

"తాళంచెవి లేదు. వెంటిలేటర్లోంచి కాలవలో పారేశాను. నా దగ్గరుంటే వాళ్లు నాచేత తీయిస్తారు."

గొంతు గొంతులా లేదు. ఎండలో పరిగెత్తిన కుక్కలా రొప్పుతున్నాడు. ఒళ్లు కాలిపోతోందని, నీళ్లు అయిపోయాయని, గుండె ఎవరో లోపల కూర్చుని సుత్తితో కొడుతున్నట్టుందని రొప్పు మధ్యలో ముక్కలుగా చెప్పాడు. పెద్ద తాళం పళ్లెం కింద పెట్టి సుత్తి అందుకుని తలుపు మీద ఒక్క దెబ్బ వేశాడు. లోపలినుంచి వచ్చిన కేకకు దర్జీ టేపు మెడలో ఉండగానే పరిగెత్తుకొచ్చాడు. భార్య ఫోన్లో డాక్టరమ్మను పట్టుకుంది. బండి పంపిస్తున్నానని, చప్పుళ్లతో భయపెట్టొద్దని, అలాగని ఆలస్యం కూడా చేయొద్దని, ఆ మందు ఒంటిని లోపలినుంచి ఉడికిస్తుందని, ఒక్కోసారి గుండె తట్టుకోలేదని ఆవిడ చెప్పింది. గ్యాసుతో తలుపు కోసేవాణ్ణి పిలుద్దామన్నాడు దర్జీ. లోపల పాలిష్ డబ్బాలు, కిరోసినూ ఉన్నాయి. నిప్పురవ్వ పడితే కోయాల్సింది తలుపు కాదు.

ఇక మిగిలింది ఒక్కటే. లోపలివాడు గీతలు చెప్పాలి, బయటివాడు వాటినిబట్టి ఆకురాయితో తాళంచెవి రాయాలి. పెద్ద తాళం గచ్చు మీద కూర్చుని తలుపుకి ముఖం ఆనించాడు. ఇనుము వెచ్చగా ఉంది.

"నీ తాళం గీతలు చెప్పు. చెవి చేస్తాను."

"నాన్న చెప్పొద్దన్నాడు" అన్నాడు తమ్ముడు.

"నాన్న లేడు. నేనున్నాను."

"నువ్వేనని ఏంటి నమ్మకం? వాళ్లు నీ గొంతు కూడా చేయగలరు."

పెద్ద తాళం ఇరవై ఏళ్లుగా ఎంతమంది గిరాకీలను నమ్మించాడో లెక్కలేదు. తన తోడబుట్టినవాణ్ణి, తనే అన్ననని నమ్మించడం ఎలాగో తెలియలేదు. చిన్నప్పటి సంగతులు చెప్పాడు. అవి వాళ్లకూ తెలుసన్నాడు తమ్ముడు. ఆఖరికి తమ్ముడే ధర చెప్పాడు.

"బయట వేసింది నీ తాళమే కదా. ముందు దాని గీతలు నువ్వు చెప్పు. అవి మా అన్నకు తప్ప ఎవరికీ తెలీవు."

న్యాయమైన బేరం. అయినా పెద్ద తాళం నోరు తెరిచి మూశాడు. ఐదు రోజుల పని. పుట్టి బుద్ధెరిగాక కట్టిన వాటిలో మేలైనది. గీతలు చెప్పేస్తే అది తాళం కాదు, ఇనుపముక్క. పక్కన భార్య, ఫోను చేతిలో పట్టుకుని, కళ్లతోనే అతన్ని నరికేస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి, మూడు గీతలు. రెండు, ఐదు. మూడు..."

"రెండోది అబద్ధం" అన్నాడు తమ్ముడు లోపలినుంచి. "నిన్న తీగతో ఐదు లివర్లు తడిమాను. రెండోది రెండే. చూశావా, నువ్వు మా అన్నవి కాదు."

దర్జీ తల పట్టుకున్నాడు. పెద్ద తాళానికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తమ్ముడి ప్రాణం తక్కెడలో ఒక పక్క ఉంటే, రెండో పక్క ఒక రేకు ఎత్తు పెట్టి తూచాడు. చెయ్యి అలవాటు కొద్దీ తూచింది. పాడు అలవాటు.

"నేనే మీ అన్నని" అన్నాడు. "అబద్ధం చెప్పింది కూడా అందుకే. వాళ్లయితే నిజం చెప్పేవాళ్లు. నీ దగ్గర గీత దాచుకునే దరిద్రుడు ఈ ఊళ్లో నేను కాక ఇంకెవడున్నాడురా?"

లోపల రొప్పు ఆగింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు దగ్గో నవ్వో బయటివాళ్లకు తెలియలేదు. పెద్ద తాళం ఇక ఆగలేదు. ఏడూ చెప్పేశాడు. మూడు, రెండు, ఆరు, ఒకటి, ఐదు, ఐదు, నాలుగు. కొట్టులో, దర్జీ ఎదుట, పెళ్లాం ఎదుట, గట్టిగా.

"ఐదు పక్కన ఐదు పెట్టావా" అన్నాడు తమ్ముడు. "దొంగవెధవ. నేనందుకే పట్టుకోలేకపోయాను."

తర్వాత తనవి చెప్పాడు. నాలుగే లివర్లు, చేతులు వణికి అంతకంటే కట్టలేకపోయానన్నాడు. పెద్ద తాళం ఇంకా గాట్లు పెట్టని పచ్చి చెవి ఒకటి తలుపు పక్కనే బిగించి ఆకురాయి అందుకున్నాడు. రాస్తుంటే లోపలివాడు చప్పుడు విని చెబుతున్నాడు. మొదటిది చాలు. రెండోది ఇంకో రెండు రాపిళ్లు. మూడోది మెల్లగా, అది సగం గీత. మాట మధ్యలో మధ్యలో తెగిపోతోంది. తెగినప్పుడల్లా అన్న ఆకురాయి ఆపి, ఒరేయ్ అని పిలుస్తున్నాడు. నాలుగోది రాస్తుండగా పిలిస్తే పలకలేదు. ఆ ఒక్కటీ పెద్ద తాళం సొంతంగా రాశాడు. చెవి పెట్టి తిప్పాడు. మధ్యలో పట్టేసింది. మళ్లీ బయటికి తీసి, వెంట్రుక మందం రాసి, మళ్లీ తిప్పాడు.

తలుపు తెరుచుకోగానే తమ్ముడు అతని మీదికి ఒరిగాడు. పెద్ద తాళం మోయడానికి కాళ్లు బిగించి నిలబడ్డాడు గానీ బిగించాల్సిన పనే లేకపోయింది. తాళాల పెట్టె అంతకంటే బరువుంటుంది. దర్జీ బకెట్టు నీళ్లు తెచ్చి, కొత్త లుంగీ గుడ్డ ఒకటి తడిపి ఒళ్లంతా చుట్టాడు. అది ఎవరిదో గిరాకీదట. బండి వచ్చింది. ఎక్కిస్తుంటే చిన్న తాళం ఒక్క క్షణం కళ్లు తెరిచి, వాళ్లెవరని అడిగాడు. ఆస్పత్రివాళ్లన్నాడు అన్న. తమ్ముడు వాళ్లను కాసేపు చూసి, నువ్వు కూడా వస్తావా అన్నాడు. వస్తానన్నాడు. అయితే సరేనన్నాడు.

గుండె నిలబడింది. మూడు రోజులు సెలైను పెట్టారు. ఆ తర్వాత చిన్న తాళం దాదాపు వారం రోజులు నిద్రపోయాడు. మెలకువ వస్తే గిన్నెడు తినేవాడు, ఏడ్చేవాడు, మళ్లీ పడుకునేవాడు. ఊరికే ఎందుకు ఏడుస్తున్నాడని పెద్ద తాళం డాక్టరమ్మను అడిగాడు. నెలంతా కొద్దికొద్దిగా ఖర్చు పెట్టుకోవాల్సిన సంతోషాన్ని ఆ మందు ఒక్క రాత్రిలో పిండేస్తుందని, అలా నెలల తరబడి పిండితే మెదడు ఎండిపోయి ఉంటుందని, కొన్ని నెలలపాటు దేనికీ రుచి ఉండదని ఆవిడ చెప్పింది. విత్తనాల గింజలు వండుకు తిన్న ఇల్లన్నమాట, పెద్ద తాళానికి అర్థమైంది. మళ్లీ పంట రావాలంటే ముందు ఎవరైనా గింజలు అప్పివ్వాలి. మళ్లీ మందు జోలికి పోడని మాట ఇవ్వగలరా అని కూడా అడిగాడు. ఇవ్వలేనంది. జారేవాళ్లు ఉన్నారని, జారి లేచేవాళ్లు కూడా ఉన్నారని, రోజూ వచ్చి కూర్చోవడం తప్ప దగ్గరి దారి లేదని చెప్పింది. గ్యారంటీ లేని సరుకు పెద్ద తాళం ఇంతవరకు కొనలేదు. ఇది కొన్నాడు.

పాలపళ్లలా కదులుతున్న ముందు పళ్లు రెండూ తీసేశారు. పంతొమ్మిదో రోజున మరదలు వచ్చింది, పాపను తీసుకురాకుండా. వార్డు బయట వరండాలో బెంచీ దగ్గర నిలబడింది. చిన్న తాళం గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. క్షమించమని అడగలేదు. అడగడానికి ముఖం లేదన్నది కూడా చెప్పలేదు. పాప ఎలా ఉందని అడిగాడు. బాగుందంది. కొత్త బొమ్మ కొందామా అన్నాడు. బొమ్మలంటే వద్దంటోందని చెప్పింది. అతను ఆ మాటను నిలబడే తీసుకున్నాడు. పెద్ద తాళం ఆ పక్కనే మందుల చీటీ చదువుతున్నట్టు నటిస్తూ, అదే చీటీని ఏడోసారి చదువుతున్నాడు.

"మళ్లీ వస్తావా?" అన్నాడు చిన్న తాళం.

"వారానికి గంట వస్తాను. ఇక్కడికే. పాపను ఎప్పుడు తేవాలో నేను చెప్తాను, మీరడక్కండి."

"రెండు గంటలు."

"ముప్పావు."

చిన్న తాళం తలెత్తి ఆమెను చూశాడు. ఆమె నవ్వడం లేదు. పెద్ద తాళం ఇరవై ఏళ్ల బేరాల్లో ఇలాంటి మొండి మనిషిని చూడలేదు. నోరు జారి ఏమైనా అంటానేమోనని చీటీ అంచు పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"సరే. గంటే" అన్నాడు తమ్ముడు గబగబా.

ఆమె గోడగడియారం చూసింది. ఆ గంటలో పన్నెండు నిమిషాలు అప్పటికే అయిపోయాయి. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో ఒక చిన్న మనిషి పట్టేంత చోటు వదిలి.